మా రోజుల్లో ఒప్పజెప్పాలి

మూడో తరగతి పిల్లకాయని వందలోంచి ముప్పై ఏడు తీసెయ్యమంటే ఫోన్ కోసం చెయ్యి చాపుతాడు. పది పాసయినవాడు ఫారంలో ‘అక్షరాలా’ అని ఉన్నచోట మళ్ళీ అంకెలే వేస్తాడు. ఇంజనీరింగు చదివే పిల్ల పేపర్లో హెడ్డింగు చదువుతూ ప్రతి ఒత్తు దగ్గరా బ్రేకు వేస్తుంది. ఈ మాట ఎత్తితే చాలు, “మళ్ళీ మొదలుపెట్టావా తాతా” అంటారు ఇంట్లో. మొదలుపెట్టాను. ఎనభైకి దగ్గరపడ్డవాడు మొదలుపెట్టకపోతే ఇంకెవరు పెడతారు?

నేను పంతుల్ని కాను. తపాలా శాఖలో పనిచేసి సబ్ పోస్టుమాస్టరుగా రిటైరయ్యాను. నెల్లూరు జిల్లాలో ఈ ఊరికీ ఆ ఊరికీ బదిలీ అవుతూ, కౌంటరు వెనకే జుట్టు నెరిసింది. జనం చదువు ఎంతదో బడిలో కంటే పోస్టాఫీసు కిటికీ దగ్గరే బాగా తెలుస్తుంది. పరీక్షకైతే అందరూ చదువుకునే పోతారు. డబ్బు తీసుకునే ఫారం నింపడానికి రాత్రంతా కూర్చుని చదువుకొచ్చేవాడు ఎవడూ ఉండడు. ఒంట్లో ఉన్న చదువు ఎంతో అంతే బయటపడుతుంది.

మాది పెంకుల బడి. ఐదు తరగతులకీ కలిపి ఒకటే సావిడి, ఇద్దరు అయ్యవార్లు. పలకలు మార్కాపురం నుంచి వచ్చేవి. ఆ చుట్టుపక్కల నేలలో పలకరాయి దొరుకుతుంది కాబట్టి పలక అంటే మాకు మార్కాపురమే. కింద పడితే పలక పగిలేది, ఇంటికి పోతే వీపు పగిలేది. పొద్దున గుణింతాలు, సాయంత్రం ఎక్కాలు. బడి వదిలే ముందు అందరం లేచి నిలబడితే పెద్ద తరగతి పిల్లకాయ ఒకడు ముందు చెప్పేవాడు, మేం వెనకాల అరిచేవాళ్ళం. ఏడెనిమిదులు యాభై ఆరు, తొమ్మిదేళ్ళు అరవై మూడు. పదమూడో ఎక్కం దగ్గరికి వచ్చేసరికి గొంతులు సన్నబడేవి, పందొమ్మిదో ఎక్కానికి ఒకరిద్దరే మిగిలేవాళ్ళు. పదహారో ఎక్కం మాత్రం అందరికీ వచ్చు. రూపాయికి పదహారణాలు మరి, అది రాకపోతే అంగట్లో పని జరగదు.

గుంపుతో అరవడం పెద్ద సంగతేం కాదు. గుంపులో నోరు ఆడిస్తే సరిపోతుందని ఆరేళ్ళవాడికీ తెలుసు. అసలు సంగతి మర్నాడు పొద్దున ఉండేది. ఒక్కొక్కళ్ళూ పుస్తకం తీసుకుని అయ్యవారి కుర్చీ దగ్గరికి పోవాలి. నిన్నటి పాఠం చదివి ఒప్పజెప్పాలి. ఆయన నోట్లో వక్కాకు, కళ్ళు మూతలు పడి ఉండేవి. నిద్రపోయాడులే అని ఒక వాక్యం మింగేస్తే, కన్ను తెరవకుండానే “వెనక్కి పో” అనేవాడు. ఒప్పజెప్పలేకపోతే రేపూ అదే పాఠం. ఎల్లుండీ అదే. కొత్త పాఠం ఇచ్చేవాడు కాదు. అందుకే ఒక్క తరగతిలోనే ఒకడు ఆరో పాఠంలో ఉంటే ఇంకొకడు పదకొండో పాఠంలో ఉండేవాడు, అది ఎవరికీ వింతగా తోచేది కాదు. ఏడాదికోసారి డిప్యూటీ ఇన్‌స్పెక్టరు వచ్చేవాడు. ఆయన రికార్డులు చూశాడో లేదో నాకు తెలియదు గానీ, వాచకం మధ్యలో ఎక్కడో తెరిచి చూపుడువేలు పెట్టి “చదువు” అనేవాడు. మొదటి పాఠం బట్టీ పట్టి కూర్చున్నవాళ్ళ మొహాలు అప్పుడు చూడాలి.

లెక్కలంటారా, మా తరం రెండు రకాల లెక్కలూ నేర్చుకుంది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అంతకుముందు అర, పాతిక, పరక, వీసం. పరక అంటే ఎనిమిదో వంతు, వీసం అంటే పదహారో వంతు. సగంలో సగం, అందులో సగం చేసుకుంటూ పోవడమే, పలక అక్కర్లేదు. నయాపైసలు వచ్చాక అణా విలువ ఆరుంపావు పైసలైంది. పావు పైసా ఎక్కడ దొరుకుతుంది? అందుకని సర్కారు ఒక పట్టిక ఇచ్చింది. అణాకి 6 పైసలు, రెండణాలకి 12, మూడణాలకి 19, పావలాకి 25. ఇక చూడండి తమాషా. అణా వస్తువు మూడుసార్లు విడివిడిగా కొంటే 18 పైసలు, మూడూ ఒకేసారి కొంటే 19. ఈ కిటుకు కనిపెట్టింది మేం కాదు, బడి గడప తొక్కని మా అవ్వ. మమ్మల్ని అంగడికి మూడుసార్లు తిప్పేది. శెట్టి కూడా తక్కువవాడు కాదు, మూడోసారి పోతే ముందరి రెండూ కలిపి లెక్కకట్టేవాడు. ఆ ఒక్క పైసా కోసం జరిగిన వాదనలో నేర్చుకున్నంత గణితం తర్వాత హైస్కూల్లో నేర్చుకోలేదు నేను. తూకాలదీ ఇదే గొడవ. వీశెకి నూట ఇరవై తులాలు, ఎనిమిది వీశెలు మణుగు, ఇరవై మణుగులు బారువ. ఇదంతా నోటికి పట్టుబడేసరికి కిలోలు వచ్చి పడ్డాయి. వీశె అంటే కిలో నాలుగు వందల గ్రాములని అడిగినా అడక్కపోయినా చెప్పుకుంటూ తిరిగాం.

ఇంత చెప్పాక మా బడి స్వర్గమనుకునేరు. నా ఈడు వాళ్ళు సాయంత్రం పార్కులో కూర్చుని అదే అనుకుంటున్నారు. నాకు ఆ భ్రమ లేదు. 1961 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో అక్షరం వచ్చినవాళ్ళు నూటికి ఇరవై ఒక్కమంది. మిగతా డెబ్బై తొమ్మిది మంది పిల్లకాయలుగా ఉన్నప్పుడు ఏ బడిలో ఒప్పజెప్పారు? మా తరగతిలో ఆడపిల్లలు మూడో ఏడుకల్లా మాయమయ్యేవాళ్ళు. పాలేర్ల పిల్లలు అసలు సావిడి ఎక్కిందే తక్కువ, ఎక్కినా చివర వరసలో కూర్చునేవాళ్ళు. పాఠం ఒప్పజెప్పలేనివాడికి గోడకుర్చీ, కోదండం, చింతబరికె. కొన్నాళ్ళు భరించి ఒకరోజు బర్రెల వెంట పోయేవాడు. వాడేమయ్యాడని అయ్యవారు అడిగిన పాపాన పోలేదు, మేమూ అడగలేదు. జల్లెడ పట్టి పైన మిగిలిన నాలుగు గింజలు చూసి బస్తా అంతా మేలిరకమే అన్నట్టుంటుంది మావాళ్ళ గొప్ప.

పోనీ ఇంకా వెనక్కి పోదామా. 1823లో బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ తన జిల్లాలో బళ్ళ సంగతి మద్రాసుకి రాసి పంపాడు. చరిత్రకారుడు ధరంపాల్ 1983లో వేసిన పుస్తకంలో ఆ నివేదిక మొత్తం ఉంది. 533 బళ్ళు, 6,641 మంది పిల్లలు. చదువు ఎక్కువగా తెలుగులో, కన్నడంలో. ఇసుకలో వేలితో రాసి నేర్చుకోవడం, పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకి చెప్పడం ఆయనకి తెగ నచ్చాయి. ఇంగ్లండువాళ్ళు ఈ పద్ధతి ఎత్తుకుపోవడంలో తప్పు లేదన్నాడు. ఆ చేత్తోనే ఇంకో మాట రాశాడు. పిల్లలు పద్యాలు గడగడా వల్లిస్తారు గానీ అర్థం సంగతి చిలక్కి ఎంత తెలుసో వీళ్ళకీ అంతేనట. చాలామంది పంతుళ్ళు కూడా విడమరిచి చెప్పలేరట. ఆ దొర మా బడికి వచ్చున్నా అదే రాసేవాడు. శతకాలు నోటికి వచ్చినవాళ్ళం, వాటి అర్థం మీసాలు వచ్చాక గానీ మాకెవరికీ తెలియలేదు.

కాబట్టి పాతదంతా బంగారమని నేననను. అందులో ఒకటే బంగారం. పిల్లకాయ చదువుతుంటే పక్కన ఒకడు కూర్చుని వినేవాడు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కౌంటరు మీద స్టాంపు ప్యాడ్ తడి ఆరేది కాదు. ఒకటే వేలిముద్రలు. కువైట్ నుంచి కొడుకు ఉత్తరం వస్తే ఏ తల్లయినా తెచ్చి నా చేతికే ఇచ్చేది. చదివి వినిపించి, జవాబు కూడా నేనే రాసిపెట్టేవాణ్ణి. కోడలి మీద చెప్పే మాటలు కొంచెం మెత్తబరిచి రాసేవాణ్ణి, అది వేరే సంగతి. అప్పుడు చదువురానివాడు చదువురానివాడే. సిగ్గుపడేవాడు కాదు, దాచేవాడూ కాదు. వాడితో పని సులువు.

తర్వాత సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. 1990 దాటాక మా జిల్లాలో రాత్రిపూట దీపాల కింద ఆడవాళ్ళు పలకలు పట్టుకుని కూర్చున్నారు. కూలికి పోయొచ్చి, వంట చేసి, అప్పుడు వచ్చి కూర్చునేవాళ్ళు. కూడబలుక్కుంటూ ఒకామె చదువుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు వినేవాళ్ళు. ఆ వాచకంలో సారా వల్ల కాపురాలు ఎట్లా కూలుతున్నాయో, ఆడవాళ్ళు కలిసి ఎట్లా అడ్డుకున్నారో చెప్పే పాఠం ఒకటుంది. దూబగుంట అనే ఊళ్ళో ఆడవాళ్ళు దాన్ని చదివి, పలక పక్కన పెట్టి లేచిపోయి సారా అంగడి మూయించారు. 1992కల్లా జిల్లా అంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బంద్. ఒక్క పాఠం అర్థమయ్యేటట్టు చదివితే ఎంత దూరం పోతుందో విద్యాశాఖ కంటే ఎక్సైజు శాఖకే ముందు తెలిసొచ్చింది.

ఆ ఊపు తగ్గాక కిటికీ దగ్గరికి వచ్చిన రకం వేరు. సర్టిఫికెట్ ఉంటుంది, చదువుండదు. సంతకం మాత్రం వంకీలు తిప్పి అందంగా పెడతాడు. “తారీఖు ఎక్కడ వెయ్యాలి సార్” అంటాడు, తారీఖు అని అచ్చేసిన చోటు మీద వేలు పెట్టి. రెండు వేల ఐదు అంకెల్లో వెయ్యవయ్యా అంటే 20005 వేస్తాడు. రెండు వేలకి 2000, పక్కన ఐదుకి 5. వాడి బుర్రలో అది తప్పని ఎక్కడా అనిపించదు, ఎందుకంటే స్థానం అనేది ఒకటుందని వాడి చేత ఎవరూ పట్టుబట్టి చెప్పించలేదు. ఆ ఇరవై వేల ఐదూ నేను ఇచ్చేసి ఉంటే ఏమయ్యేదో అనుకునేవాణ్ణి. వాడు ఎగిరి గంతేసేవాడు, నేను పెన్షన్ లేకుండా ఇంటికి పోయేవాణ్ణి.

ముసలాడి చాదస్తం అంటారేమో, అసర్ సర్వే చూడండి. ప్రథమ్ అనే సంస్థ 2005 నుంచి చేయిస్తోంది. వాళ్ళు బడికి పోరు. పల్లెల్లో ఇంటింటికీ పోయి పిల్లలను అరుగు మీద కూర్చోబెట్టి చదివిస్తారు. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, ఆఖరికి రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగారం. ఐఐటీ ప్రశ్నలేం కావు. మా ఇన్‌స్పెక్టరు వేలు పెట్టి చదవమన్నదీ ఇంతే. మూడో తరగతి పిల్లల్లో ఆ రెండో తరగతి కథ చదవగలిగినవాళ్ళు 2018లో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 22.6, తెలంగాణలో 18.1. కరోనా బళ్ళు మూయించాక 2022లో అడిగితే ఆంధ్రలో 10.3, తెలంగాణలో 5.2. సర్కారు బడీ ప్రైవేటు బడీ రెండూ కలిపిన లెక్క ఇది. కరోనాని తిట్టండి, తప్పులేదు, నేనూ తిట్టాను. మరి 2018లో ఏ రోగం వచ్చింది? అప్పుడైనా ఐదుగురిలో నలుగురు చదవలేదు కదా. 1961లో మా రాష్ట్రం మొత్తానికి అక్షరం వచ్చినవాళ్ళు కూడా ఐదుగురిలో ఒకళ్ళే. మిగతా నలుగురికీ బడి లేదు. వీళ్ళకి బడి ఉంది, బల్లలున్నాయి, గుడ్డు పెడతారు, పుస్తకాలు ఉచితం. దేశం మొత్తం మీద 2024కి కొంచెం తేరుకున్నారు, మూడో తరగతిలో 27.1 శాతానికి. అది 2018 నాటి మెట్టే. అక్కడికే సంబరపడిపోవడం నాకు చేతకావడం లేదు.

నా స్నేహితుడి కొడుకు సర్కారు బడిలో పంతులు. వాడితో ఈ గొడవే పెట్టుకున్నాను. “బాబాయ్, నాకు మూడు తరగతులు కలిపి ముప్పై మంది. ఒక్కొక్కళ్ళ చేత రెండు నిమిషాలు చదివిస్తే గంట. ఆ గంట ఎక్కడుందో నువ్వే చూపించు” అన్నాడు. లెక్క సరిగ్గానే ఉంది. హాజరు ఫోన్లో కొట్టాలి, భోజనం లెక్క ఎక్కించాలి, ఎన్నికలొస్తే ఓటర్ల జాబితా పట్టుకుని తిరగాలి. ఆమధ్య ఆంధ్రలో మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టే పని కూడా పంతుళ్ళ నెత్తినే పడింది. తర్వాత తీసేశారనుకోండి. కానీ ఆలోచించండి, మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా లేదా చూడ్డానికి సర్కారుకి రోజుకో ఫొటో కావలసి వచ్చింది. పిల్లకాయ చదువుతున్నాడా లేదా అని రోజూ అడిగినవాళ్ళు లేరు.

“మరి మా అయ్యవారికి ఆ గంట ఎక్కడిదిరా” అన్నాను. వాడు నవ్వి, “మీ అయ్యవారు వినలేదు బాబాయ్, మీ పెద్ద పిల్లలు విన్నారు” అన్నాడు. గుర్తు చేసుకుంటే నిజమే. చిన్న తరగతులవి మాలో పెద్దవాళ్ళే వినేవాళ్ళు, తేలినవాణ్ణే అయ్యవారి దాకా పంపేవాళ్ళు. బళ్ళారి దొర మెచ్చుకున్నదీ అదే. ఇప్పుడు తరగతికో గది, గదికో తలుపు. ఐదో తరగతివాడికి రెండో తరగతివాడి మొహమే తెలియదు. ఒక్క పంతులే ఉన్న బళ్ళలో అందరూ ఒక్క గదిలోనే ఉంటారు, అక్కడైనా ఈ పాత పద్ధతి పెట్టొచ్చు కదా అంటే, అది పాత పద్ధతంటారు.

ప్రైవేటు బళ్ళ కథ వేరు. మా వీధిలో ఒక పాప, ఒకటో తరగతి. టై, బెల్టు, వీపు మీద దాని బరువంత సంచీ. ఇంగ్లీషు పుస్తకం గలగలా చదువుతోందని వాళ్ళమ్మ మురిసిపోతూ తెచ్చి చూపించింది. విన్నాను. నాకు పాత ఇన్‌స్పెక్టరు బుద్ధి పుట్టి, మాట్లాడకుండా రెండు పేజీలు ముందుకు తిప్పాను. పాప ఆగలేదు. కొత్త పేజీ వైపు చూస్తూ పాత పేజీయే గలగలా చదివేసింది. పాప తప్పేం లేదు, పాపం దానికి జ్ఞాపకశక్తి బ్రహ్మాండంగా ఉంది. తల్లికి కోపం వచ్చింది, నా మీద. అదే బడిలో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అట. పునాది అన్నది ఆరో తరగతిలో ఎట్లా వేస్తారో, మొదటి ఐదు అంతస్తులూ దేని మీద కట్టారో అడుగుదామనుకుని ఊరుకున్నాను.

తెలుగు మీడియమా ఇంగ్లీషు మీడియమా అని అడక్కండి, ఆ గొడవ కోర్టుల దాకా పోయొచ్చింది. ఏ భాషయితే ఏం, ఇంట్లో మాట్లాడే భాషలోనే చదవడం రానివాడికి ఇంకో భాషలో ఎట్లా వస్తుంది? అంతకుమించి నాకు తెలియదు.

ఇక ఫెయిల్ చెయ్యాలా వద్దా అన్నది. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిది దాకా ఎవర్నీ ఆపొద్దంది. 2019లో సవరించి ఐదులోనూ ఎనిమిదిలోనూ కావాలంటే ఆపుకోవచ్చన్నారు. మా పార్కు పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. మా కాలంలో ఆపినవాళ్ళు మళ్ళీ బడికి రాలేదని నాకు గుర్తుంది కాబట్టి. ఒకవేళ వచ్చినా, అదే బల్ల మీద అదే పాఠం ముందు ఇంకో ఏడాది కూర్చుంటాడు. ఈసారన్నా వాణ్ణి పిలిచి చదివించుకునేవాడు ఉంటాడా? 2021లో కేంద్రంవాళ్ళు నిపుణ్ భారత్ అని పెట్టి, 2026-27 కల్లా మూడో తరగతి దాటే ప్రతి పిల్లకీ చదవడం, లెక్క రావాలని గడువు పెట్టుకున్నారు. తెలంగాణవాళ్ళు 2022లో తొలిమెట్టు అన్నారు. పేర్లు బాగున్నాయి, ఉద్దేశమూ మంచిదే. వాటిలో శిక్షణలు, మాడ్యూళ్ళు, ట్యాబులు చాలా ఉన్నాయట. కుర్చీ పక్కన నిలబెట్టుకుని చదివించుకోవడం ఎన్నో పేజీలో ఉందో చూపిస్తే ఆ పేజీ నేనే చదివిపెడతాను.

మా అబ్బాయివాళ్ళు బెంగుళూరులో ఉంటారు. మనవరాలు రెండో తరగతి. రోజూ సాయంత్రం వీడియో కాల్లో ఒక పేజీ చదివి వినిపించమని పట్టుబట్టాను. కొన్నాళ్ళు బాగానే సాగింది. తర్వాత ఒకరోజు హోంవర్క్, ఒకరోజు డాన్స్ క్లాస్, ఒకరోజు సిగ్నల్ లేదు. మొన్న కోడలు ఫోన్ చేసి, “మామయ్యా, మీకు రోజూ శ్రమ ఎందుకు, ఇప్పుడు యాప్ ఒకటి పెట్టాం. పాప పైకి చదువుతుంటే అదే వింటుంది. తప్పు చదివితే ఆపి మళ్ళీ చెప్పిస్తుంది, సరిగ్గా చదివితే నక్షత్రాలు ఇస్తుంది” అంది.

“సంతోషం అమ్మాయ్, ఆ ఇంట్లో అదన్నా వింటోంది” అన్నాను.

థాంక్స్ మామయ్యా అని పెట్టేసింది.